మూడో వంపు దగ్గర అరగంట

మా నాయన సారంగపాణి ముప్పై ఏళ్ళు సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. 1981 కార్తీకంలో తిరుపతిలోని కళ్ళ డాక్టరు ఆయనను పరీక్ష చేసి నన్ను పక్కకు పిలిచాడు. నీటికాసులట. చూపు చుట్టూరా మూసుకుపోయింది. గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్యలో కొంచెం మిగిలింది. అది కూడా రెండు మూడు నెలల మాటేనన్నాడు.

ఇంటికి నడిచి వస్తూ అడిగాను. "ఏమన్నా చూడాలని ఉండాదా నాయనా?"

కొండమీద స్వామి దర్శనం అంటాడనుకున్నాను.

"చీలికకోన చూడాలప్పా," అన్నాడు.

భాకరాపేట అవతల అడవిలో ఉంటుంది ఆ లోయ. రెండు వైపులా ఎర్రటి రాతిగోడలు, మధ్యలో వాగు, వాగు పక్కనే వెదురు లారీలు తిరిగే మట్టిబాట. వయసులో ఉన్నప్పుడు ఆ లోయను కొలిచి పటం గీసిన జట్టులో నాయన ఉన్నాడట. ఆ సంగతి ఆయన ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు.

పది రోజులు ఇంట్లో అందరికీ అదే పని. నేను ఆఫీసులో సెలవు పెట్టి, అడవి శాఖ నుంచి అనుమతి కాగితం తెచ్చాను. అంబాసిడర్ కారున్న కాశింవలి నాకు బడి నాటి నుంచీ స్నేహితుడు. "నీకోసమైతే రాను సంపతన్నా, పెద్దాయన కోసం వస్తా," అని నవ్వాడు. పులిహోర కట్టాలా, దద్ధ్యోదనం కట్టాలా అని అమ్మ రోజుకోసారి అడిగేది. నాయన మాత్రం భూతద్దం పట్టుకొని, ముక్కు కాగితానికి ఆనించి దారి గీస్తూ కూర్చున్నాడు. రాతిగోడ యాడ ఏనుగు వీపులా వంగుతుందో, యాడ తేనెపట్లు వేలాడతాయో, అన్నీ గుర్తులు పెట్టాడు.

"పదకొండింటికి గాని ఎండ అడుగుకి దిగదు. ఒంటిగంటకల్లా మళ్ళీ గోడెక్కిపోతుంది. ఆ రెండు గంటల్లోనే చూడాల," అన్నాడు.

మూడో వంపు దగ్గర చిన్న సున్నా చుట్టి, పక్కన 'అరగంట' అని రాశాడు.

"ఈడ ఏముండాది నాయనా?"

"పోయినాక చెప్తా."

నాయన, నేను, కాశింవలి ముగ్గురమే బయల్దేరాం. అడవి గేటు దగ్గర గార్డు మునిరామయ్య మా కాగితం చూశాడు. నా ఒళ్ళో ఉన్న పటం కూడా చూశాడు. సున్నా మీద వేలు పెట్టాడు.

"ఈడ ఆగొద్దు సామీ. లారీలోళ్ళు గూడా ఆగరు."

"ఎందుకు?"

"లెక్క ఇనబడతాది."

అంతకంటే చెప్పలేదు. నాయన మొహం అటు తిప్పుకొని, "పదప్పా, ఎండ పోతుంది," అన్నాడు.

లోయ ఆయన చెప్పినట్టే ఉంది. గోడల మీద ఎండ పడి రాయి నిప్పులా వెలిగింది. నాయన కిటికీలోంచి తల బయటపెట్టి, మిగిలిన ఆ కాస్త చూపులో పట్టేలాగా మెడ అటూ ఇటూ తిప్పుతూ, "అదిగో... అదిగో," అని చిన్నపిల్లాడిలా చూపించాడు. ఆయన బుగ్గలు తడిసిపోయాయి. నేను సంతోషం పట్టలేకపోయాను.

మూడో వంపు తిరగగానే ఎండ ఆగిపోయింది.

పన్నెండు కూడా కాలేదు. గోడలు రెండూ పైన దగ్గరగా వంగి ఆకాశాన్ని కప్పేశాయి. పక్షి కూత లేదు. వాగు పారుతోంది గానీ చప్పుడు లేదు. తడిరాయి వాసన, గబ్బిలాల వాసన, వాటి కింద తుప్పు పట్టిన ఇనుము వాసన. ఎడమగోడలో నిలువునా ఒక చీలిక ఉంది. మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు. కారు దీపాలు వేస్తే దాని వెనకరాయి కనిపించింది. ఎనిమిది అడుగుల లోతు కూడా లేదు.

నాయన కర్ర ఊతంతో దిగి దాని ముందు నిలబడ్డాడు.

"గోవిందయ్య అని, మా జట్టులో గొలుసు పట్టే మనిషి," అన్నాడు మెల్లగా. "సర్వే గొలుసు ఒక కొస పట్టుకొని ఈ సందులోకి దిగినాడు, లోతు కొలవడానికి. అప్పుడిది ఇట్లా లేదు, లోపలికి చానా దూరం ఉండింది. పైన యాడో వాన పడి వాగు ఒక్కసారిగా వచ్చేసింది. రెండో కొస నా చేతిలో ఉండింది సంపత్. లాగినా. నీళ్ళు నా నడుందాకా వచ్చినాయి... వదిలేసినా."



"పని చెయ్యలేక చెప్పకుండా పారిపోయినాడని రాసిచ్చినా. వాని పెండ్లాం రెండేండ్లు మా ఆఫీసు మెట్ల మీదనే కూర్చొన్నింది. చూపు ఉండగానే వాని మొహం ఒకసారి చూడాల."

"నాయనా, పోదాం రా."

ఆయన చీలికలోకి వంగి పిలిచాడు. "గోవిందయ్యా..."

ఏమీ లేదు.

తర్వాత... ఘల్.

ఇనుప గొలుసు కడియాలు రాతి మీద ఈడ్చిన చప్పుడు.

"తొమ్మిది గొలుసులు సామీ."

ఎక్కడో దూరం నుంచి, అలసిపోయిన గొంతు.

కాశింవలి కారు దిగి నా పక్కకు వచ్చాడు. "ఎవురది సంపతన్నా?"

ఘల్... ఘల్... "ఆరు గొలుసులు సామీ."

గొలుసంటే అరవై ఆరు అడుగులు. ఆరంటే నాలుగు వందల అడుగుల దాకా. కానీ ఎదురుగా, ఎనిమిది అడుగుల్లోనే, రాయి కనిపిస్తోంది. తడిగా మెరుస్తోంది.

"నాలుగు సామీ."

నాయన కర్ర వదిలేసి చీలికలోకి అడుగు పెట్టాడు. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. వెనక నుంచి కాశింవలి నా నడుం చుట్టేసి, "యా అల్లా, యా అల్లా," అంటున్నాడు.

"రా నాయనా... నీ కాళ్ళు పట్టుకుంటా, రా..."

"రెండు సామీ."

లోపలి నుంచి లాగుతున్నారు. నాయన బరువు కాదది. పాచి మీద నా కాళ్ళు జారుతున్నాయి. నాయన మొహం నా వైపు లేదు. లోపలికి చూస్తున్నాడు. "కనబడుతున్నాడప్పా," అన్నాడు. "బాగా కనబడుతున్నాడు..."

"ఒకటి, సామీ."

నా చెవిలో.

నా చేతి మీద ఇంకో చెయ్యి పడింది. చల్లగా, నానిపోయి మెత్తగా... అయిదు వేళ్ళూ ఒక్కొక్కటే మూసుకున్నాయి.

నాయన చెయ్యి జారిపోయిందని అమ్మతో చెప్పాను, పోలీసులతో చెప్పాను. జారలేదు. నేనే వదిలాను.

కళ్ళు తెరిచేసరికి చీలిక ఖాళీగా ఉంది. లోపలికి దూరాను. ఎనిమిది అడుగులు... రాయి. గుద్దాను, గోళ్ళతో గీకాను. "నాయనా" అని గొంతు పోయేదాకా అరిచాను. వేళ్ళ నుంచి నెత్తురు కారుతుంటే కాశింవలి నన్ను ఎత్తుకొచ్చి కారులో పడేశాడు.

మునిరామయ్య మనుషుల్ని కూడగట్టాడు. ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. రెండు రోజులు ఎడతెగని వానలోనే వెతికాం. వాగు వెంబడి ఐదు మైళ్ళు చూశాం. ఏమీ దొరకలేదు.

మూడో రోజు వాన ఇంకా పడుతూనే ఉంది. చీలిక ముందు బండ మీద, ముందు రోజు మేమంతా కూర్చున్న చోటే, ఆ రోజు నాయన భుజాన వేసుకున్న పైపంచ కనిపించింది. నాలుగు మడతలు పెట్టి ఉంది. మునిరామయ్య దాన్ని ముట్టుకోలేదు, నన్నూ ముట్టుకోవద్దన్నాడు.

నేను తీశాను. గోడల సందులోంచి వాన నా మీద, బండ మీద కురుస్తూనే ఉంది. పంచ పొడిగా ఉంది. మడతల్లో చెయ్యి పెడితే, అప్పుడే ఒంటి మీంచి తీసినట్టు, వెచ్చగా ఉంది.