పోనందుకు బోనస్

సారక్క పొద్దున్నే చాయ్ వడగడుతోంది. లింగమూర్తి మిల్లుకు పోవడానికి చొక్కా తొడుక్కుంటున్నాడు. మిల్లు కార్మికులుండే ఇచ్ఛాపూర్ గల్లీలో ఆ వేళకు ఇంటింటా అదే హడావుడి. అప్పుడే పక్కింటి మంగ ముఖం గంటు పెట్టుకుని లోపలికి వచ్చింది.

"లింగమూర్తన్నా, నీ వాటా ఎంత ముట్టింది?"

"ఏం వాటా చెల్లె?"

"టీవీల వస్తుంది చూడు. మునిగే మిల్లును నిలబెట్టుమని సర్కారు పైసలిస్తే, పెద్దసార్లు బోనస్ అని పంచుకున్నరట. దునియా అంత తిడుతున్నది."

లింగమూర్తి చెయ్యి గుండీ మీదే ఆగిపోయింది. ఆ గడ్డురోజుల్లో సగం జీతానికి అందరినీ ఒప్పించింది అతనే. 'మన మిల్లు, జర ఓపిక పట్టుండ్రి' అని ఇల్లిల్లూ తిరిగాడు. మంగ భర్త గోపాల్‌కు భివండీలో మంచి పని దొరికితే బతిమాలి మరీ ఆపాడు. ఊరి బరువంతా ఈయనకెందుకని సారక్కకు ఒళ్లు మండేది. గల్లీలో మొగుడి మాటకున్న విలువ చూసి లోలోపల మురిసిపోయేది కూడా.

"ఉత్త ముచ్చట అయ్యుంటది," అంటూ అతను కూతురి వైపు తిరిగాడు. జమున అదే మిల్లు ఆఫీసులో క్లర్కు. "నువ్వన్న చెప్పు బిడ్డా."

జమున తలెత్తలేదు. "నిజమే బాపూ. పెద్దసార్లు కంపెనీ ఇడిసిపెట్టి పోకుండ ఉండెటందుకు ఇచ్చిన్రు."

"నీకెప్పుడెరుక?"

"దివాలీకి ముందే. చెప్తే నా నౌకరీ పోతుండె."

"పోకుండ ఉన్నందుకా?" లింగమూర్తి అన్నాడు. "మరి మేమేడికి పోయినం బిడ్డా?"

సారక్కకు కూతురి చెంప పగలగొట్టాలనిపించింది. ఇన్నాళ్లూ పొయ్యి వెలిగింది ఆ పిల్ల జీతంతోనే. చెయ్యి లేవలేదు.

లింగమూర్తి మంగకు చేతులు జోడించాడు. "తప్పైంది చెల్లె. గోపాల్‌ను భివండి పొమ్మను. ఇంక నేను ఆప."

మంగ కోపం అక్కడికక్కడే నీరుగారిపోయింది. కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడేడికి పోతడన్నా? నిన్ననే ఆడికి ఫోన్ చేసిండు. ఆ జాగల ఎవన్నో పెట్టుకున్నరట."

లింగమూర్తి గోడకానుకుని కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. పెళ్లయినప్పటి నుంచీ సారక్క అతని కళ్లలో నీళ్లు చూసి ఎరగదు.

జమున తండ్రి పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది. "ఆఫీసుల మాకు ఎరుకే, నీకే ఎరుకలేదని మిల్లు గేటు కాడ అందరి ముంగట నేనే చెప్త బాపూ. నౌకరీ పోతే పోనీ."

రేపటి నుంచి ఏం తింటామని అడగబోయి, సారక్క ఆ మాట మింగేసింది.

"పో బిడ్డా," అంది కళ్లు తుడుచుకుంటూ. "మీ బాపు ఆ పైసలల్ల ఏం తినలేదని చెప్పు."