మగ్గం గది చావీ

సోమవారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు. మగ్గం గదిలో అల్మారా తెరిచారు. ప్రశ్నపత్రాల ప్యాకెట్ లేదు.

పరీక్ష మంగళవారం.

పీఎస్సై సావిత్రి ఆ కాలేజీకి చేరేసరికి మూడు నలభై. రెండు రోజులు ఊరేగింపు బందోబస్తులో నిలబడి, ఇంటికి పోయి కాళ్లు చాపుకుందామనుకున్న మనిషి. చిన్న పని మేడమ్, అలా చూసి రండి అన్నారు స్టేషన్లో. చిన్న పనులన్నీ ఆమె నెత్తినే పడతాయి, ఏం చేస్తాం!

తెలుగు నేతగాళ్లు స్థిరపడ్డ ఆ మరాఠీ ఊళ్లో, కుంఠా నాకా కూడలి దాటాక, మూతబడ్డ మిల్లులో పెట్టిన కాలేజీ. నూట ఇరవై మంది పిల్లలు, అందరూ హాస్టల్లోనే. చరిత్ర, సాహిత్యంతో పాటు మగ్గం కూడా నేర్పుతారు. ఆఫీసుకు సున్నం వేస్తున్నారని పేపర్లను మగ్గం గదిలో పెట్టారట. ఆ గది తాళానికి ఒక్కటే చావీ.

దొంగ కూడా దొరికిందట. భాగ్యలక్ష్మి, ఫైనలియర్. తల్లి రాజమ్మ, బీడీ కార్మికుల కాలనీ అయిన విడీ ఘర్కుల్‌లో బీడీలు చుడుతుంది. ఐదింటికి కమిటీ కూర్చుని పిల్లను కాలేజీలోంచి తీసేస్తుంది. మూడేళ్ల చదువు మట్టిపాలు.

ఆధారమేమిటని అడిగింది సావిత్రి.

పరీక్షల ఇన్‌చార్జ్ అనికేత్ సార్ ఒక చీటీ అందించాడు. చావీ తగిలించే కొక్కేనికి గుచ్చి ఉందట. వాచ్‌మన్ రాజారాం మరాఠీలో రాసింది. ‘చావీ పర్వా భాగ్యలక్ష్మీలా.’ మూడే మాటలు. తేదీ లేదు.

ప్రిన్సిపాల్ ఢిల్లీ నుంచి కొత్తగా వచ్చినాయన. మరాఠీ రాదు. ఆ ఊరి భవాని పేట్‌లో పుట్టి పెరిగిన అనికేతే ఆయనకు అర్థం చెప్పాడు. పర్వా అంటే మొన్న, శనివారం చావీ భాగ్యలక్ష్మికి ఇచ్చానని. పేపర్లను శనివారం సాయంత్రం ఆరింటికి తానే అల్మారాలో పెట్టానని కూడా చెప్పాడు.

రాజారాం సెలవు మీద ఊరెళ్లాడు. ఫోన్ స్విచాఫ్.

పిల్ల వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఒళ్లో కాగితం.

"శనివారం చావీ తీసుకున్నవా?"

"లేదు మేడమ్. సోమవారం మగ్గం మీదికి పడుగు ఎక్కియ్యాలె. చావీ అప్పుడిప్పిస్త అన్నడు రాజారాం కాకా. పొద్దుగాల అడగొచ్చిన. పట్టుకున్నరు."

"గీ మాట వీళ్లకు చెప్పినవా?"

"తెలుగుల చెప్పిన. మరాఠీల చెప్పిన. ఇంగ్లీషుల చెప్పిన. ఇగ నాతోని గాదు."

ఒళ్లో ఉన్నది క్షమాపణ పత్రం. తప్పు ఒప్పుకుంటే ఏడాది సస్పెన్షన్‌తో వదిలేయిస్తానన్నాడట అనికేత్. సగం రాసేసింది. సావిత్రి ఆ కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకుంది.

నాలుగు ఇరవై ఐదు. ప్రిన్సిపాల్ గదిలో పిల్లతో సహా అందర్నీ కూర్చోబెట్టింది. రాజారాం ఎప్పుడు వెళ్లాడని అడిగింది. శనివారం రెండున్నర బస్సుకు. సెలవు కాగితం తెప్పించి చూసింది. మంజూరు చేసిన సంతకం అనికేత్‌ది.

"అంటే చీటీ శనివారమే రాసిండు. శనివారం కూసొని శనివారాన్ని పర్వా అంటడా సార్? ఆజ్, ఇయ్యాల అని రాస్తడు."

పర్వా అంటే ఏమిటని ప్రిన్సిపాల్ అడిగాడు.

ఆమె ప్రిన్సిపాల్‌కు ఓపిగ్గా హిందీలో విప్పి చెప్పింది. తెలుగులో మొన్న వేరు, ఎల్లుండి వేరు. మరాఠీలో రెండింటికీ పర్వా ఒక్కటే. చివర ఇచ్చాననో, ఇవ్వాలనో ఉంటే తేలిపోయేది. రాజారాం ఆ ముక్క రాయలేదు. తన బదులు డ్యూటీకి వచ్చేవాడికి, ఎల్లుండి చావీ ఈ పిల్లకు ఇమ్మని రాశాడు. ఎల్లుండి అంటే సోమవారం. సోమవారం చదివినవాళ్లు దాన్ని వెనక్కి తిప్పి శనివారం చేశారు.

"ఢిల్లీ సారుకు తెల్వదు, సరే. మీకు తెల్వదా?"

అనికేత్ పొరపాటు పడ్డానన్నాడు.

"మీ లెక్కనే పోదాం. రెండున్నర లోపల్నే చావీ పిల్ల చేతికి పోయింది. మరి ఆరింటికి మీరు గది ఎట్ల తెరిచిన్రు?"

అనికేత్ నిజం చెప్పేశాడు. శనివారం ప్రెస్ నుంచి వస్తూ ప్యాకెట్ రిక్షాలో మరిచిపోయాడు. ఆదివారమంతా వెతికాడు. దొరకలేదు. పేపర్లు అసలు అల్మారా దాకా రానే లేదు.

"నౌక్రీ పోతదని భయమైంది మేడమ్. పొద్దున చీటీ కనబడ్డది."

ఇరవై రెండేళ్ల సర్వీసులో సావిత్రి చాలా మందిని చూసింది. ఇంత చల్లగా పిల్ల గొంతు కోసినవాళ్లను కొద్దిమందినే చూసింది.

ప్రిన్సిపాల్ భాగ్యలక్ష్మికి సారీ చెప్పి, ఇక వెళ్లవచ్చన్నాడు.

ఆమె కదల్లేదు.

"పొద్దున మా అమ్మకు ఫోన్ జేసి, మీ బిడ్డ దొంగతనం జేసిందని చెప్పింది అనికేత్ సారే. ఇప్పుడు గూడ ఆయనే చెయ్యాలె."

అనికేత్ ఫోన్ చేశాడు. సావిత్రి స్పీకర్ పెట్టించింది. అవతల రాజమ్మ అతన్ని నోరు తెరవనివ్వలేదు.

"సార్, పోరి తప్పు జేసింది. మీ కాళ్లు మొక్కుత. మాఫ్ జెయ్యుండ్రి."

పొద్దుట్నుంచి కంట తడి పెట్టని పిల్ల అప్పుడు ఏడ్చింది. అమ్మ కూడా నమ్మేసింది.

"చెప్పుండ్రి సార్," అంది సావిత్రి. "వాళ్లమ్మ ఇంటున్నది."