దీవెన అయ్యేదాకా

సపార్ శవం నరిన్ నది వంతెన కింద దొరికింది. తాగి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. సపార్ జన్మలో మందు ముట్టలేదని ఊరందరికీ తెలుసు.

సరిహద్దు సైనికులకు ఇంటర్నెట్‌లో డిగ్రీ పాఠాలు చెప్పే మాస్టారు అతను. ఒక విదేశీ విశ్వవిద్యాలయం ఉచితంగా ఇచ్చిన పాఠాల సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి ఉందని కనిపెట్టి గూఢచారి శాఖకు కబురు పంపాడు. మర్నాడే పోయాడు.

"ఆ దొంగదారి తెరిచే మీట నొక్కేది ఆ విశ్వవిద్యాలయం పంపిన డాక్టర్ వోస్," అన్నాడు చీఫ్, ఏజెంట్ జోమార్ట్‌తో. "రేపు మధ్యాహ్నం ఒప్పందం విందు. తర్వాత ఉమ్మడి పాఠం ప్రారంభం. సరిగ్గా అప్పుడే వాళ్ల ఉపగ్రహం మన నెత్తి మీదకొస్తుంది. మీట నొక్కితే కనుమల్లో మన కాపలా గుడిసెల కెమెరాలు, వైర్‌లెస్ సంకేతాలు అన్నీ వాళ్లవే."

"ఇప్పుడే లోపలేద్దాం."

"దౌత్య పాస్‌పోర్టు. ఉపగ్రహంతో మాట్లాడే డిష్షు కూడా వాడి బండి మీదే. ముట్టుకుంటే మనమే దొంగలం."

గుడిసెలకు చెబుదామంటే దారులు మంచుతో మూసుకున్నాయి. వైర్‌లెస్‌లో చెబితే శత్రువూ వింటాడు. హెలికాప్టర్ ఎల్లుండి గాని ఎగరదు.

అలాంటి ఒక గుడిసెలోనే జోమార్ట్ చెల్లెలు మీరిమ్ వైర్‌లెస్ ఆపరేటర్. డ్యూటీ దిగాక గడ్డకట్టిన వేళ్లు ఊదుకుంటూ చదువుకునే పిల్ల. ఆ చదువుకే గాలం వేసినవాడి పీక నొక్కాలనిపించింది.

"ముట్టుకోవద్దు," చీఫ్ అతని మొహం చూసి అన్నాడు. "ఉపగ్రహం కొండ దాటేదాకా వాణ్ణి కుర్చీలోంచి లేవనివ్వకు. పక్కన మన పెరిజాత్ ఉంటుంది."

పెరిజాత్ ఊళ్లోని విశ్వవిద్యాలయంలో విదేశీ వ్యవహారాల అధికారి. వోస్ ముఠా ఆమెను తమ మనిషనుకుంటోంది. శాఖ తన మనిషనుకుంటోంది.

మర్నాడు జోమార్ట్ పెట్టుడు మీసంతో, తెల్లటి ఉన్ని టోపీలో కుట్టిన ఇయర్‌ఫోన్‌తో, విందు నడిపే తమదాగా నిలబడ్డాడు. తమదా పిలిస్తే గవర్నరైనా లేచి నాలుగు మాటలు చెప్పాలి. పెద్దలు అరచేతులు చాచి దీవించందే గవర్నరైనా బల్ల వదలకూడదు.

ఒక్కొక్కర్నీ పిలిచాడు. డీన్ కవిత చదివాడు, లైబ్రేరియన్ ఏడ్చింది. వోస్ మూడుసార్లు గడియారం చూసి, ఇక పాఠం మొదలుపెడదామన్నాడు.

"డాక్టర్ గారూ, గొర్రె తల మీ ముందే పెట్టాం," అన్నాడు జోమార్ట్. "చెవి కోసి పిల్లలకు పెట్టకుండా వెళ్తే అది మిమ్మల్ని చూసి నవ్వుతుంది."

హాలంతా నవ్వింది. వోస్ కత్తి అందుకున్నాడు.

"ఉపగ్రహం వచ్చింది," అంది టోపీ.

అప్పుడు లేచింది పెరిజాత్. ఎర్రటి పట్టు గౌను, మెడలో ముత్యాలు. డాక్టర్ గారికి అర్జెంటు ఫోనంటూ వోస్ మోచెయ్యి పట్టుకుంది. జోమార్ట్ కళ్లలోకి రెప్ప వెయ్యకుండా చూసింది.

సపార్ కబురు శాఖకు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో, వోస్‌కు ఎవరు చేరవేశారో జోమార్ట్‌కు అప్పుడు వెలిగింది. కోటు లోపలి పిస్తోలు మీదకు చెయ్యి పోయింది. బలవంతాన వెనక్కి తీసుకున్నాడు.

"పెరిజాత్ అక్కా, అవ్వ ఇంకా దీవించలేదు. ఇంట్లో నేర్పలేదా, ఫారిన్‌లో మర్చిపోయావా?"

బల్ల మొదట్లో కూర్చున్న విశ్వవిద్యాలయ రెక్టర్ తల్లి బూబూషా అవ్వ కళ్లజోడు సవరించుకుంది.

"ఎవరి పిల్లవే నువ్వు?"

పెరిజాత్ మొహం గౌను రంగుకు తిరిగింది. వోస్‌కు అటూ ఇటూ ఉన్న ముసలాళ్లు అతని భుజాల మీద చేతులేసి, కూర్చో నాయనా అంటూ కుదేశారు.

"లేచావు కాబట్టి నువ్వే చెప్పక్కా," అన్నాడు జోమార్ట్. "ఈ పాఠాలు చెప్పిన సపార్ మాస్టారి గురించి రెండు ముక్కలు. మంచి ఈతగాడు. ఎలా మునిగాడో అదీ చెప్పు."

విందులో మాట్లాడటానికి గ్లాసు పట్టుకున్నవాళ్లకు ఎవరూ అడ్డు రాకూడదు. ఎవరో అందించిన గ్లాసు పట్టుకుని ఆమె నిలబడే ఉంది. పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఎంతసేపటికీ రాలేదు.

చివరికి అవ్వే అరచేతులు చాచింది. మందలకు, మనవలకు, చలిలో చదువుకునే సైనికులకు, ఈ ఇంటర్నెట్టుకు, అందరికీ పేరుపేరునా దీవెన పెట్టింది. దీవెన ముగిసి చేతులు మొహం మీదుగా జారాయో లేదో, వోస్ కుర్చీ తన్నేసి మీట ఉన్న పక్క గదిలోకి పరిగెత్తాడు. జోమార్ట్ వెంటపడ్డాడు. వోస్ వేలు మీట మీద పడింది.

"ఉపగ్రహం కొండ దాటింది," అంది టోపీ.

తెర మీద అక్షరాలు: సిగ్నల్ లేదు.

"మళ్లీ నొక్కండి డాక్టర్ గారూ," అన్నాడు జోమార్ట్, మీసం పీకేస్తూ. "వేలు అరిగేదాకా నొక్కండి."

పెరిజాత్‌ను హాలు గుమ్మం దగ్గరే సంకెళ్లేసి తీసుకెళ్లారు. వోస్‌ను ఆ సాయంత్రమే విమానం ఎక్కించి దేశం దాటించారు. మర్నాడు హెలికాప్టర్లు గుడిసె గుడిసెకూ వెళ్లి ఆ సాఫ్ట్‌వేర్ పీకేశాయి.

ఆ రోజే మీరిమ్ నుంచి వైర్‌లెస్ వచ్చింది: "నా పాఠాలు పీకేసిన వెధవ ఎవడు? సోమవారం పరీక్ష."

జవాబు రాయమని చీఫ్ జోమార్ట్‌కిచ్చాడు. జోమార్ట్ చీఫ్‌కే తిప్పి ఇచ్చాడు. పరీక్ష వాయిదా పడిందని ఆ పిల్లకు చెప్పే ధైర్యం శాఖ మొత్తంలో ఎవరికీ లేకపోయింది.