వదులు చేసిన తీగలు

“నేనింక పాడనన్నా! వేరేవాణ్ణి చూసుకో.”

మరిది వెంకటేశులు ఆ మాట అనగానే హనుమంతమ్మ చేతిలోని చాట జారిపోయింది. ఆమె ధర్మవరం కోడలై వచ్చిన నాటినుంచీ అన్నదమ్ములిద్దరికీ పగలు మగ్గం, సాయంత్రం పాట. భర్త తిప్పయ్య గిటారు, స్నేహితుడు జమాల్ బాషా తబలా వాయిస్తే మరిది పాడేవాడు. సినిమా పాటలు కాదు, రాని వాన మీదా ఎండిన శనగచేల మీదా ఇద్దరూ కలిసి కట్టుకున్నవి. ఆ ఏడు, ఎనభై మూడులో, కదిరి క్యాసెట్ల అంగడాయన వాటిని రికార్డు చేస్తానని పిలిచాడు. అంతా సిద్ధమయ్యాక ఇప్పుడా ఈ మాట...!

“ఏమప్పా, బెంగుళూరు ఆర్కెస్ట్రావోళ్ళు పిలిచినారా? అన్న బరువైపోయినాడా?” తిప్పయ్య అరిచాడు. ఈమధ్య ఆయన ఏం మాట్లాడినా అరుపే!

వెంకటేశులు తల వంచుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. నాలుగు మాటలు అడుగుదామని వెనకే వెళ్ళిన హనుమంతమ్మ ఆగిపోయింది. అతను దగ్గి ఉమ్మిన చోట ఎర్రటి చార...

“ఏమిది అబ్బీ!”

“గట్టిగా అనద్దు వదినా! అన్నకు చెవులు సరిగా ఇనపడ్డంలే. తీగలు బిగించేది నానాటికీ పైకి పోతాండాది. ఆ శ్రుతిలో పాడి పాడి గొంతు పుండైంది. కొన్నాళ్ళు పాడొద్దన్నాడు డాక్టరు.”

“ఆయనకు చెప్పకూడదా?”

“చెప్తే మళ్ళా గిటారు ముట్టుకుంటాడా? నన్ను తిట్టుకోనీలే వదినా...”

హనుమంతమ్మ దేవుని గూటి ముందు నిలబడింది. చెవినీ గొంతునీ ఇచ్చిన స్వామే వాటిని ఎందుకు తీసుకుంటున్నాడో ఆమెకు అర్థం కాలేదు. అలా అడగడం తప్పేమో! కానీ దాచడం అంతకన్నా తప్పని తోచింది. మగ్గం దగ్గరికి వెళ్ళి, భర్త చెవి దగ్గరగా అంతా చెప్పింది.

తిప్పయ్య మగ్గం ఆపాడు.

“తబలా జమాల్ బాషాకు తెలుసునా?”

“తెలుసంట. నువ్వు బిగించినదానికే ఆయనా సర్దుకుంటాండాడంట.”

“బాగుంది! చెవిటోనికి తప్ప అందరికీ ఇనపడింది!”

నవ్వబోయాడు. నవ్వు రాలేదు. లేచి, గిటారు తెచ్చి పెరట్లో కూర్చున్న తమ్ముడి ఒడిలో పెట్టాడు.

“నువ్వే శ్రుతి పెట్టు. నీ గొంతుకు యాడ సుఖమో ఆడ.”

“క్యాసెట్టు...?”

“నీ గొంతు మానినాకే. అంతవరకూ ఎవురూ పాడేది లేదు.”

వెంకటేశులు ఒక్కో తీగా వదులు చేసి ఇచ్చాడు. తిప్పయ్య తీగల మీద వేళ్ళు ఆనించాడు. ఏళ్ళ తరబడి పట్టు పోగుల బిగువు చూసిన వేళ్ళు అవి!

“ఇంత కిందనా...!” ఆయన గొంతు మొదటిసారి మెత్తబడింది. “ఇంత ఎత్తుకు నన్ను మోసినావా తమ్ముడూ!”