ముందు గదిలో మూడు డిగ్రీలు

పొద్దున్నే టీ తాగి కప్పు కడిగేశాక గ్లెనిస్ ఫ్రీజరు తెరిచి బఠానీల ప్యాకెట్టు తీసింది. వంటకు కాదు. నిన్నటిలాగే దాన్ని పాత మేజోడులో దూర్చి, ముందు గది గోడకున్న, గది వేడిని కొలిచి హీటింగ్ నడిపే తెల్లటి థర్మోస్టాట్‌కు ఆనేలా మేకుకు వేలాడదీసింది.

కాసేపటికి ఆ డబ్బా మోసపోయింది. గదిలో చలి పెరిగిందనుకుంది. కిటికీ కింద గదిని వెచ్చబెట్టే రేడియేటర్ టిక్కుటిక్కుమంటూ వేడెక్కసాగింది.

"అలా దారికి రా," అంది గ్లెనిస్.

చలికాలం మొదట్లో కొడుకు హ్యూ వచ్చి, రోండా లోయలోని ఆ రాతి ఇంట్లో రేడియేటర్లకు వేడినీళ్లు పంపే పాత బాయిలర్ తీయించి కొత్తది పెట్టించాడు. గదికో థర్మోస్టాట్ బిగించి, అన్నిటి పగ్గాలూ తన ఫోన్లో పెట్టుకున్నాడు. పడగ్గది, వంటిల్లు వెచ్చగా ఉండాలి. ఎవరూ కూర్చోని ముందు గదికి పన్నెండు డిగ్రీలు చాలు. తల్లి పొరపాటున ఏదైనా నొక్కుతుందేమోనని గోడ మీది మీటలకు ఫోన్‌తోనే తాళం వేశాడు. ఆ సంగతి ఆమెతో ఒక్క మాట అనలేదు.

ఆ పూటే వీధి తలుపు దడదడలాడింది.

"అమ్మా! కిటికీ పగిలిందా? నిన్నటి నుంచి ముందు గది మూడు డిగ్రీలు చూపిస్తోంది! ఫోన్ చేస్తే ఎత్తవు! నీళ్లు గడ్డకట్టి గొట్టాలు పగిలిపోతాయని కార్డిఫ్ నుంచి ఎలా వచ్చానో నాకే తెలుసు!"

హ్యూ గది తలుపు తోశాడు. వేడి ముఖానికి కొట్టింది. కళ్లద్దాలకు ఆవిరి పట్టింది. తుడుచుకుని చూస్తే గోడ మీద మేజోడు.

"ఇదేంటి?"

"బఠానీలు."

"ఇక్కడెందుకున్నాయి?"

"నా మాట వినని డబ్బా వాటి మాట వింటోంది."

"ఖాళీ గదికి వేడెందుకమ్మా? చిన్నప్పుడు నన్ను ఈ గడప తొక్కనిచ్చావా? చుట్టాల గదిరా అని తరిమేదానివి!"

"ఇప్పుడు రోజూ కూర్చుంటున్నాను."

"వంటింట్లో కూర్చోవచ్చుగా?"

"ఎక్కడ కూర్చోవాలో నీ ఫోనే చెబుతుందా?"

"నీ మంచికే చేశానమ్మా," అంటూ హ్యూ మేజోడు వైపు చెయ్యి చాచాడు. గ్లెనిస్ అడ్డంగా వచ్చి నిలబడింది.

"చెయ్యి తియ్యి. మీ నాన్న శవపేటిక ఎక్కడుంచాం?"

చాచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ కిటికీ పక్కనే. చాపెల్‌కు అంత్యక్రియల ప్రార్థనకు తీసుకెళ్లేదాకా లోయలో వాళ్లంతా వచ్చి చూసి వెళ్లారు.

"అప్పుడు ఈ గదిలో వేడి ఆపించింది ఎవరు?"

"నేనే. శవం ఉన్నన్నాళ్లూ ఆపాలని పేటిక తెచ్చినవాళ్లే చెప్పారమ్మా..."

"ఆపాలి. తప్పనను. ఆ చలిలో నా ఎమ్రిస్ చెయ్యి పట్టుకుని కూర్చుంటే నా వేళ్లు కొంకర్లు పోయాయి. ఆయన్ని తీసుకెళ్లాక ఈ రేడియేటర్ నేనే తిప్పాను. ఈ గదిలోకి మళ్లీ ఆ చలిని రానివ్వకూడదనుకున్నాను. నాలుగేళ్లు రానివ్వలేదు. నువ్వు వేలితో నొక్కి పిలిపించావు."

హ్యూ చాచిన చెయ్యి దించేశాడు. "నాకు చెప్పొచ్చుగా..."

"నువ్వు అడిగావా? నా ఇంట్లో నేను వెచ్చగా ఉండడానికి కారణం చెప్పుకోవాలా? సరే, చెప్పాను. చెప్పకపోయినా బఠానీలు అక్కడే ఉండేవి."

అతను కుర్చీలో కూలబడి ముఖం కప్పుకున్నాడు. గ్లెనిస్ ఓదార్చలేదు. లోపలికి వెళ్లి, పాస్టరు గారు వస్తే తప్ప బయటికి రాని బంగారు అంచు కప్పులో టీ తెచ్చి ముందుపెట్టింది.

"ఈ కప్పెందుకమ్మా?"

"చుట్టాలకి ఇదే ఇస్తాం. చుట్టాలు ఇంటివాళ్ల మీటలు తిప్పరు."

హ్యూ ఆ కప్పు ముట్టుకోలేదు. ఫోన్ తీసి ఏదో నొక్కాడు. గోడ మీది డబ్బాలో అంకెలు వెలిగాయి.

"తాళం తీశాను. ఇల్లు మొత్తం నా ఫోన్లోంచి తీసేశాను."

గ్లెనిస్ మేజోడు దించింది. తన వేలితో తానే ఇరవై ఒకటి పెట్టుకుంది.

"అమ్మా," అన్నాడు హ్యూ, కళ్లు తుడుచుకుంటూ, "నేను వంటింట్లో కూర్చోవచ్చా?"

ఆమె తడిసిన మేజోడు అతని చేతిలో పెట్టింది.

"పద. ఇవి కరిగిపోతున్నాయి. సూప్ పెడదాం."