ఆకాశంలో మేకు చిల్లు

"మా నాన్న వేసిన బొమ్మని ఎవరో మార్చేశారండీ," అంటూనే ఆమె కుర్చీలో కూలబడింది. గొడుగు మడవడం కూడా మర్చిపోయింది. ఆ నీళ్లన్నీ టైపిస్టమ్మ కాగితాల మీద పడ్డాయి.

టైపిస్టమ్మ ముప్ఫై ఏళ్లు కోర్టులో వాంగ్మూలాలు టైపు కొట్టి, రిటైరయ్యాక ఈ డిటెక్టివ్ దగ్గర సహాయకురాలిగా చేరింది. ఆయన్ని అందరూ నిదానం గారంటారు. టీ చల్లారేదాకా తాగడు, ఎదుటివాళ్లు ముగించేదాకా నోరు విప్పడు. ఈ రెండూ చేతకాని టైపిస్టమ్మకు ఆయనంటే మహా గౌరవం.

వచ్చినావిడ ఒక చిత్రకారుడి కూతురు. పాతకాలపు జపాన్ చెక్క అచ్చు బొమ్మల్ని చూసి, అచ్చు అనేది లేకుండా, మొత్తం చేత్తోనే గీసి రంగులు వేసేవాడాయన. పోయి ఏడాదయింది. ఆయన ఆఖరుగా వేసిన 'వానలో వంతెన' పనిగది గోడకే ఉండిపోయింది. నిన్న దుమ్ము దులుపుదామని దింపితే, వెనక ఆయన పెన్సిలుతో వేసే తేదీ లేదు. బొమ్మ మాత్రం ఆయన వేసినట్టే ఉంది.

"తాళంచెవులు రెండే. ఒకటి నాది, ఒకటి రంగుల బాబాయిది. నాన్నకి తమ్ముడు. నలభై ఏళ్లుగా ఆ గదిలో రంగులు కలుపుతున్నాడు. అడిగితే అవుననడు, కాదనడు. ఒళ్లు మండి రేపట్నించి రావద్దన్నాను." ఆమె అప్పుడు గానీ గొడుగు మడవలేదు. "నన్ను ఎత్తుకుని పెంచినవాడండీ. తీసింది ఆయన కాకపోతే నేనేమైపోవాలి?"

వాళ్లు వెళ్లేసరికి పనిగదిలో జిగురు వాసన, తడి కాగితం వాసన కలిసి ఉన్నాయి. బల్లకు ఒక చోట మోచెయ్యి ఆని ఆని గుంట పడింది. గిన్నెల అంచుల్లో ఎండిన నీలాలు ఎన్ని రకాలో లెక్కలేదు. టైపిస్టమ్మకు చిన్నప్పటి డ్రాయింగు క్లాసు గుర్తొచ్చి, కారణం లేకుండా కళ్లు చెమ్మగిల్లాయి. ఒక మూల రంగుల బాబాయి తన కుంచెలు సంచిలో సర్దుకుంటున్నాడు.

నిదానం గారు భూతద్దంతో బొమ్మంతా చూశారు. వంతెన, గొడుగులు, పైన ముదురుగా మొదలై కిందికి పలచనయ్యే ఆకాశం. ఆకాశంలో ఒక నల్లని పక్షి. తర్వాత బల్ల పక్కన, అసలు జపాన్ వంతెన బొమ్మ ఉన్న పాత క్యాలెండర్ దగ్గరికి వెళ్లారు. నలభై ఏళ్లుగా ఈ బొమ్మకు అదే మాతృక. తండ్రితో పాటు బాబాయి, కూతురు కూడా దాన్ని చూసే ఈ బొమ్మను మళ్లీ మళ్లీ వేశారు.

"ఇందులో పక్షి లేదే! ఆ చోట చిల్లుంది."

బాబాయి తల ఎత్తలేదు. "గాలికి ఊగుతోందని ఎవరో మేకు కొట్టారండీ. ఆ చిల్లుని అన్నయ్య పక్షనుకున్నాడు. అప్పట్నించీ పక్షే."

"ఎవరూ చెప్పలేదా?"

"మా అన్నయ్య చెప్పాడు," అంది కూతురు. "అప్పుడు వాడికి పద్దెనిమిదేళ్లు. చిన్నప్పట్నుంచీ ఇక్కడే నేర్చుకున్నాడు. అది పక్షి కాదు, చచ్చినా వెయ్యనన్నాడు. నాన్న వాడి చేతిలో కుంచె లాక్కున్నారు. వాడు ఇల్లొదిలి వెళ్లి కళ్లద్దాల కొట్టు పెట్టుకున్నాడు. నాన్న ఉన్నన్నాళ్లూ ఈ గడప తొక్కలేదు. ఇప్పుడు ఆదివారాలు వచ్చి, ఈ బొమ్మ ముందు కాసేపు కూచుని పోతాడు."

"మీరిద్దరూ నాకో పక్షి వేసి చూపిస్తారా?"

ఇద్దరూ వేశారు. కుంచె అలా ఆనింది, ఇలా లేచింది. రెప్పపాటులో రెండు పక్షులు. నిదానం గారు చల్లారిన టీ తాగి, ఆ అన్నయ్యను పిలిపించమన్నారు.

కళ్లద్దాలాయన వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. నిదానం గారు అందరినీ కూర్చోబెట్టారు.

"ఈ వంతెన వేసింది ఈ గదిలో పని నేర్చిన చెయ్యే. బయటివాళ్లకు ఈ ఆకాశం పట్టుబడదు. కానీ పక్షిని చూడండి. మూడు గీతలు. ముక్కు, తోక కూడా ఉన్నాయి. పరీక్ష రాసే పిల్లాడిలా ఎంతో జాగ్రత్తగా వేశారు. ఈ గదిలో ఆ పక్షి వేలసార్లు వేసినవాళ్లు ఇద్దరున్నారు. వాళ్లు కావాలన్నా ఇలా వెయ్యలేరు. అంటే దీన్ని వేసింది ఇక్కడ అన్నీ నేర్చుకుని, పక్షి ఒక్కటి మాత్రం ఎన్నడూ వెయ్యనివారు. ఆదివారం తలుపు తెరిచే ఉంటుంది, ఆదివారాలు వచ్చే ఆయనకు తాళంచెవితో పనేముంది?"

టైపిస్టమ్మ నోట్సు రాయడం మానేసి ఆయనవైపే చూస్తూ ఉండిపోయింది.

కళ్లద్దాలాయన బయటికెళ్లి, కారులోంచి గుడ్డలో చుట్టిన చట్రం తెచ్చి బల్లమీద పెట్టాడు. అదే వంతెన, అవే గొడుగులు. వెనక పెన్సిలు తేదీ ఉంది. ఆకాశం మాత్రం ఖాళీగా ఉంది.

"పక్షి లేదు," అంది చెల్లెలు. ఏడాదిగా రోజూ చూస్తూ కూడా ఆమె గమనించలేదు. అలవాటుపడిన కన్ను లేనిదాన్ని కూడా ఉన్నట్టే చూసుకుంది.

"నాన్న తీసేశారు," అన్నాడు అన్నయ్య. "తీసేసి, నాకు ఒక్క మాటైనా చెప్పకుండా పోయారు. చూసినప్పట్నించీ నిద్ర లేదు. ఇది నాకిమ్మని ఏ మొహం పెట్టుకుని నిన్నడగను? ఫోటో తీసుకుని, ఇంట్లో ఇలాంటిదే ఇంకోటి వేశాను. ఆకాశం అయ్యాక, ఆయన కోసం ఒక్కసారైనా ఆ పక్షి వెయ్యాలనిపించింది. అది ఇక్కడ తగిలించి, నాన్నది పట్టుకెళ్లాను. బాబాయిని అన్నావని ఇప్పుడేగా తెలిసింది!"

అతను ఏడ్చేశాడు. ఆ వయసు మగవాడు అలా ఏడుస్తుంటే ఎటు చూడాలో ఎవరికీ తెలియలేదు.

నిదానం గారు బాబాయివైపు తిరిగారు. "మీరు పక్షిని మొదటిరోజే గుర్తుపట్టారు కదూ?"

"పట్టానండీ. వాడి చెయ్యి నాకు తెలీదా?"

"తెలిసీ దొంగ అనిపించుకున్నావా బాబాయ్?" చెల్లెలు ఆయన ముందు నేలమీద కూలబడింది. "నేను పొమ్మన్నా నోరు విప్పవా?"

"నేను పోతే రంగులు కలపడానికి ఇంకొకడు దొరుకుతాడు తల్లీ. వాడి పేరు చెప్తే మళ్లీ వస్తాడా? ఇరవై ఏళ్ల తర్వాత వచ్చాడు, ఇప్పుడిప్పుడే కుర్చీలో కూచోడం అలవాటవుతోంది."

ఆమె లేచింది. ఆయన ఒళ్లోని సంచి తీసుకుని, కుంచెలు ఒక్కొక్కటే బల్లమీద పెట్టసాగింది. అన్నయ్య వచ్చి పక్కన నిలబడి, మిగిలినవి తను తీశాడు.