ఫిర్యాదు లేని ఊరు

ఆ రోజు కొత్తమిట్టలో టీ తాగేవాళ్ల కళ్లన్నీ తహసీల్దార్ ఆఫీసు గోడకున్న లంచమాపకం మీదే. దాని పచ్చదీపం సాయంత్రం దాకా నిలిస్తే కొరియా బ్యాటరీల ఫ్యాక్టరీ వీళ్లది. విదేశీ పెట్టుబడి ఏ ఊరికి పోవాలో ఇప్పుడు మనుషులు తేల్చడం లేదు, మదుపు యంత్రాలు తేలుస్తున్నాయి. లంచం అడిగారని ఎవరైనా మీట నొక్కితే దీపం ఎర్రబడుతుంది, డబ్బు మరో ఊరు చూసుకుంటుంది. దీంతో అవినీతికి నూకలు చెల్లాయని కనిపెట్టినవాళ్లు చంకలు గుద్దుకున్నారు.

తహసీల్దార్ చక్రపాణి తెలివైనవాడు. లంచం అడగడానికి సరిగ్గా ఆ రోజునే ఎంచుకున్నాడు.

"ఫ్యాక్టరీ కోసమని ముందే తీసుకున్న నీ చేనుకి పరిహారం రావాలంటే, రోడ్డు పక్క మల్లెతోట మా బామ్మర్ది పేర రాయి," అన్నాడు పెంచలమ్మతో, గొంతైనా తగ్గించకుండా.

మొగుడు పోయాక ఆ తోటే ఆమెకు కూడు పెడుతోంది. కోపంతో మీట వైపు చెయ్యి చాపింది. ఆఫీసులో ఆమె వెనక వరసలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా మీదికొచ్చారు. అందరికంటే ముందు ఆ చెయ్యి పట్టుకున్నది సొంత తమ్ముడు సుబ్బరాయుడే.

"అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా. ఈ ఒక్క పొద్దు ఓర్చుకో. ఊళ్లో పిలకాయలందరికీ ఉద్యోగాలొస్తాయి."

"తోట పోతే నేనేం తిని బతికేదిరా?"

"నేను లేనా? ఉద్యోగం రాగానే నిన్ను నేనే చూసుకుంటా."

ఆమె సంతకం పెట్టింది. చక్రపాణి మర్యాదగా మంచినీళ్లు తెప్పించాడు.

ఫ్యాక్టరీ వచ్చింది. ఊరంతా టపాసులు కాల్చారు. యంత్రం లెక్కలో కొత్తమిట్ట ఒక్క ఫిర్యాదూ లేని ఊరు. అలాంటి ఊరిని ఏలిన అధికారి కంటే నమ్మకస్తుడెవడని, ఉద్యోగులను ఎంచే పని కూడా చక్రపాణికే అప్పగించింది. కంచే చేను మేస్తుందని దానికి ఎవరూ చెప్పలేదు.

నెల తిరక్కముందే సుబ్బరాయుడు మొహం వేలాడేసుకుని అక్క ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. పెంచలమ్మ తన పాత తోటలోనే కూలికి మల్లెలు కోసి అప్పుడే వచ్చింది.

"ఉద్యోగం కావాలంటే ఇల్లు రాసియ్యమంటుండాడక్కా! పద, పోయి మీట నొక్కుదాం. నీ తోట సంగతీ చెప్దాం."

"దీపం ఇప్పుడు ఎర్రబడినా ఫ్యాక్టరీ ఎత్తేస్తారు కదరా?"

"ఎత్తేస్తే ఎత్తేయనీ!"

"ఉద్యోగానికి నీ వెనక వరసలో ఎంతమంది ఉండారు?"

"శానా మంది."

"పోయి వాళ్లనడిగి రా. సరేనంటే నేనూ వస్తా."

సుబ్బరాయుడు కూర్చున్న చోటు నుంచి లేవలేదు.